జాజ్ వినడం నాకు నేర్పినవాడు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ ప్రారంభ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

రెండు నెలల కిందట మన కార్యదర్శి గారు ఫోన్ చేసి, "మీరు ముప్ఫై ఏళ్లకు పైగా థర్మల్ పవర్ స్టేషన్లలో పనిచేశారు కదా, విద్యుత్ రంగం నిన్న, నేడు, రేపు అని ఓ ఇరవై నిమిషాలు మాట్లాడండి" అన్నారు. రేపటి సంగతి నాకు తెలీదండీ, కావాలంటే జాజ్ సంగీతం గురించి మాట్లాడతాను అన్నాను. అవతల కాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత, "అంటే డాన్సు కదండీ?" అన్నారు. కాదు అన్నాను. "సరే, ఇరవై నిమిషాలే" అన్నారు. అదండీ ఒప్పందం.

జాజ్ అంటే ఏమిటో రెండు ముక్కల్లో చెప్పి ముందుకు వెళ్తాను. అమెరికాలో నల్లవారి మధ్య, ముఖ్యంగా న్యూ ఆర్లీన్స్ అనే రేవు పట్టణంలో, పందొమ్మిదో శతాబ్దం చివర, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో రూపు దిద్దుకున్న సంగీతం. ముందు ఒక వరస అందరూ కలిసి వాయిస్తారు. తర్వాత ఆ వరస ఆధారంగా ఒక్కొక్కరూ అప్పటికప్పుడు కల్పించి వాయిస్తారు. మన కచేరీల్లో మనోధర్మం అంటామే, అలాంటిదే. తేడా ఏమిటంటే, మనకు తాళం ఆవర్తనం తిరిగినట్టు వాళ్లకు పన్నెండో ముప్ఫై రెండో బార్ల వరస మళ్లీ మళ్లీ తిరుగుతూ ఉంటుంది. ఎవరు ఎంత దూరం వెళ్లినా ఆ లెక్క తప్పకూడదు. లెక్కల మాస్టారు ఇక్కడే ఉన్నారు, ఆయనకు నచ్చుతుంది.

నేను ఈ సంగీతం మొదట విన్నది 1981లో, తొమ్మిదో తరగతిలో. మా ఇంట్లో మూడు బ్యాండ్ల ట్రాన్సిస్టర్ ఉండేది. క్రికెట్ కామెంటరీ కోసం షార్ట్‌వేవ్ తిప్పుతుంటే ఒక రాత్రి ఒక గొంతు తగిలింది. లోతైన గొంతు, ఒక్కొక్క మాటా విడివిడిగా, చిన్న పిల్లలకు అన్నం ముద్దలు పెట్టినట్టు చెబుతోంది. నాకు పూర్తిగా అర్థమైన మొదటి ఇంగ్లీషు ఉపన్యాసం అదే. ఆయన పేరు విల్లిస్ కానోవర్. వాయిస్ ఆఫ్ అమెరికాలో 1955 నుంచి జాజ్ కార్యక్రమం చేస్తున్నాడు. విచిత్రం ఏమిటంటే, ఆ రేడియో కార్యక్రమాలను అమెరికాలో ప్రసారం చేయడానికి వాళ్ల చట్టం ఒప్పుకునేది కాదు. అందుకని పోలండులో, రష్యాలో, మన గోదావరి జిల్లాలో తెలిసిన మనిషి సొంత దేశంలో పెద్దగా ఎవరికీ తెలీదు.

విన్నాను అన్నానే గాని, నాకేమీ అర్థం కాలేదు. ఏది ఏ వాయిద్యమో తెలీదు. అది తెలిసినవాడు నా పక్క బెంచీలో ఉన్నాడు.

అతని పేరు చెప్పను. చెప్పొద్దన్నాడు. అతని నాన్నగారు మన ఊరి బ్యాండు మేళానికి మేస్త్రీ. క్లారినెట్టు వాయించేవారు. 1970, 80ల్లో పెళ్లిళ్లు చేసుకున్నవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. మీ ఊరేగింపులో పెట్రోమాక్స్ లైట్ల మధ్య, ఎర్రకోటు వేసుకుని ముందు నడిచింది ఆయనే. ముహూర్తాల రోజుల్లో మావాడు బడికి వచ్చేవాడు కాదు. మొదట్లో మరకాసులు ఊపేవాడు, తర్వాత సైడు డ్రమ్ము తగిలించుకున్నాడు. రాత్రంతా నడిచి పొద్దున్న బడికొచ్చి నిద్రపోతే బెత్తం దెబ్బలు తినేవాడు. మేము నవ్వేవాళ్లం. నేనూ నవ్వాను.

ట్రాన్సిస్టర్ పట్టుకుని వాళ్ల అరుగు మీదకు వెళ్లడం ఎలా మొదలైందో గుర్తులేదు. బహుశా మా ఇంట్లో రాత్రి పూట ఆ గోల వద్దని అని ఉంటారు. మొదటి రోజే నేను, "ఇది క్లారినెట్టేగా?" అంటే మావాడు నా వంక జాలిగా చూశాడు. "కాదురా, సాక్సు. రీడు ఒకటే, గొట్టం వేరు" అన్నాడు. ఎలా చెప్పావు అంటే, "క్లారినెట్టు ఎగిరితే పై పంచమం మీద పడుద్ది. సాక్సు ఎగిరితే పై షడ్జం మీద పడుద్ది. విను" అన్నాడు. వాళ్ల నాన్న కొన్నాళ్లు ఒక సర్కస్ బ్యాండులో సాక్సు పట్టారట, ఆయన చెప్పిన మాట అది.

మరుసటి ఏడు సైన్సు మాస్టారు గాజుగొట్టంలో నీళ్లు పోసి, 512 ట్యూనింగ్ ఫోర్కు కొట్టి రెజొనెన్స్ చూపించినప్పుడు నాకు విషయం బోధపడింది. క్లారినెట్టు గొట్టం లోపల మొదటి నుంచి దాదాపు చివరిదాకా ఒకే లావు. ఒక కొన మూసిన గొట్టంలా పనిచేస్తుంది కాబట్టి బేసి హార్మోనిక్స్ బలంగా వస్తాయి, ఊది పైకి నెట్టితే మూడోదానికి వెళ్తుంది, అంటే పై పంచమం. సాక్సఫోను గరాటులా వెడల్పవుతూ పోతుంది కాబట్టి రెండోదానికి వెళ్తుంది. ఇంజనీరింగ్‌లో నాకిది సమీకరణాలతో చెప్పారు. మావాడు పద్నాలుగేళ్లకే చెవితో చెప్పాడు.

ఇక అసలు సంగతికి వస్తాను. మైల్స్ డేవిస్ అనే ట్రంపెట్ వాద్యకారుడి రికార్డు ఒకటుంది, 'కైండ్ ఆఫ్ బ్లూ'. 1959లో న్యూయార్కులో, స్టూడియోగా మార్చిన ఒక పాత చర్చిలో, మార్చి 2న, ఏప్రిల్ 22న, రెండే రోజుల్లో రికార్డు చేశారు. జాజ్ వినని వాళ్ల ఇళ్లలో కూడా ఈ ఒక్కటి ఉంటుంది. మీరు ఒక్కటే వింటానంటే ఇదే వినండి. అందులో మొదటిది 'సో వాట్'. కానోవర్ ఒక రాత్రి అదీ, ఆ రికార్డు రెండో వైపు ఉన్న 'ఆల్ బ్లూస్' అనేదీ వినిపించాడు. పేర్లు నేను తెలుగు అక్షరాల్లో నోట్సు వెనక రాసుకున్నాను.

'సో వాట్' నాకు నచ్చలేదు. ఎందుకంటే అందులో ఏముందని? కాసేపు ఏమీ లేదు. తర్వాత అందరూ కలిసి రెండు స్వరాలు, "పా... పమ్" అంటారు. మళ్లీ ఏమీ లేదు. మళ్లీ "పా... పమ్". దీనికి ఇంత పేరెందుకో తెలియలేదు. మావాడు మాత్రం ఇంట్లోంచి హార్మోనియం తెచ్చి ముందు పెట్టుకున్నాడు. 'సో వాట్' స్వరాలు మన ఖరహరప్రియ స్వరాలే. పదహారు బార్లు ఒక ఆధార శ్రుతి మీద, తర్వాత ఎనిమిది బార్లు ఒక మెట్టు పైకి ఎత్తి, మళ్లీ ఎనిమిది బార్లు కిందికి. అంతే దాని కట్టడం. ఇదంతా నేను ఇప్పుడు చెబుతున్నది. మావాడు అప్పుడు అన్నది ఒక్క ముక్క: "ఇది మెట్ల మీద కూర్చోట్లేదురా. రెండు మెట్ల సందులో పడుతోంది." రేడియో బ్యాటరీలు అయిపోయాయేమో అన్నాను. తర్వాత 'ఆల్ బ్లూస్' వచ్చింది. అది చక్కగా మెట్ల మీద కూర్చుంది. "బ్యాటరీలు ఇప్పుడు ఎక్కినయ్యా?" అన్నాడు. "నీ చెవి తప్పు" అన్నాను. పదో తరగతిలో లెక్కల్లో నాకు తొంభై పైన, అతనికి పదిహేను. కాబట్టి నా మాటే చెల్లింది.

ఆ ఏడాది అతను పరీక్ష తప్పాడు. మళ్లీ కట్టలేదు. 1984లో వాళ్ల నాన్నగారు పోయారు. మేళం అతని మీద పడింది.

1985లో నేను ఇంజనీరింగ్‌కి కాకినాడ వెళ్తుంటే మావాడు బస్టాండుకి వచ్చి ఒక క్యాసెట్ ఇచ్చాడు. ఏదో పెళ్లిలో ఎవరో టేప్ రికార్డర్ పెట్టి పట్టిన వాళ్ల నాన్నగారి క్లారినెట్టు. అదొక్కటే ఉందట. నీ దగ్గర టేప్ రికార్డర్ ఉంటుంది, మా ఇంట్లో లేదు, నీ దగ్గర భద్రంగా ఉంచు అన్నాడు. క్యాసెట్ వెనక వైపు రెండు చిన్న ప్లాస్టిక్ తునకలుంటాయి, ఈ కాలం పిల్లలకు తెలియదు. వాటిని విరగ్గొడితే ఆ క్యాసెట్ మీద ఇంకేదీ రికార్డు కాదు. మావాడు రెండూ విరగ్గొట్టే ఇచ్చాడు.

1986లో ఒక రాత్రి హాస్టల్లో, కానోవర్ చాలా మంచి కార్యక్రమం వేస్తున్నాడు. ఖాళీ క్యాసెట్ లేదు. కొనడానికి డబ్బుల్లేవు, షాపులూ మూసేశారు. నేను ఆ క్యాసెట్ తీసి, తునకలు విరిగిన చోట కాగితం ఉండలు కుక్కి, రికార్డు నొక్కాను.

తెలియక చేసిన పని కాదు. కాగితం మడవడానికి ఓ నిమిషం పట్టింది, ఆ నిమిషంలో నాకు అంతా తెలుసు. ఈ ప్రసంగానికి నేను ఒప్పుకున్నది ఇది చెప్పడానికే. ఇరవై నిమిషాల్లో ఇప్పటికి ఎన్ని అయ్యాయో కార్యదర్శి గారు చూసుకోండి.

తర్వాత ఉద్యోగం, పెళ్లి, పిల్లలు, బదిలీలు. అవి అందరికీ ఉన్నవే. 1998లో పని మీద బొంబాయి వెళ్లినప్పుడు కాలాఘోడా దగ్గర రిథమ్ హౌస్ అనే రికార్డుల షాపుకి వెళ్లాను. 2016లో మూతపడింది పాపం. 'కైండ్ ఆఫ్ బ్లూ' సీడీ అడిగి హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాను. పదిహేడేళ్ల తర్వాత 'సో వాట్'. ఈసారి, ఏమీ లేదనుకున్న చోట ఏదో ఉంది. చాలా కింద, డబుల్ బేస్ మీద పాల్ చాంబర్స్ ఒక వరస మీటుతున్నాడు. ఆ వరసే పాట. అతను ప్రశ్న అడుగుతున్నాడు, మిగిలినవాళ్లు "పా... పమ్" అని జవాబు చెబుతున్నారు. పదిహేడేళ్లు నేను ప్రశ్న లేని జవాబు విన్నానన్నమాట.

కారణం ఇంజనీరుకి వెంటనే తెలుస్తుంది. డబుల్ బేస్ కింది తీగ సెకనుకు సుమారు 41 సార్లు ఊగుతుంది. అరచేతి అంత ట్రాన్సిస్టర్ స్పీకరు 200కు కింద ఉన్నదాన్ని దాదాపు పలకదు. అటు షార్ట్‌వేవ్ ప్రసారంలో 5000కు పైనున్నది రాదు. అంటే పైనా కిందా కత్తిరించిన పాట మాకు దక్కింది. ఆ రోజు షాపులో నిలబడి నేను మొత్తం రికార్డు విన్నాను. షాపు కుర్రాడు రెండుసార్లు వచ్చి చూసి వెళ్లాడు.

రెండో ఆశ్చర్యం హోటల్ గదికి వచ్చాక. నా చెవిలో పాత జ్ఞాపకం కన్నా 'సో వాట్' కాస్త కింది శ్రుతిలో ఉన్నట్టనిపించింది. మనసు భ్రమ అనుకున్నాను. తర్వాత చదివి తెలుసుకున్నది ఇది. 1959 మార్చి 2న వాళ్లు వాడిన ప్రధాన టేపు యంత్రం కొద్దిగా నెమ్మదిగా తిరిగింది. నెమ్మదిగా తిరుగుతూ రికార్డయిన టేపును సరైన వేగంతో తిప్పితే శ్రుతి పెరుగుతుంది. ఆ రోజు చేసిన మూడు పాటలూ, అంటే రికార్డు మొదటి వైపంతా, ముప్ఫై ఏళ్లకు పైగా ప్రపంచమంతటా శ్రుతి పెరిగే వినపడ్డాయి. ఏప్రిల్‌లో చేసిన రెండో వైపు సరిగ్గా ఉంది. పక్కనే నడిచిన రెండో యంత్రం టేపు సరైన వేగంతో ఉందని గుర్తించి, 1990లలో దాని నుంచి దిద్దారు. పెరిగింది ఎంత? ఒక హార్మోనియం మెట్టు కన్నా తక్కువ. అంటే, రెండు మెట్ల సందులో.

నేను మంచం మీద కూర్చుండిపోయాను. లెక్కల్లో పదిహేను మార్కులు వచ్చిన కుర్రాడు మన ఊళ్లో అరుగు మీద కూర్చుని, ఒక పాట తప్పు, ఒక పాట ఒప్పు అని తేల్చాడు. ఒకే రాత్రి, ఒకే రేడియోలో, ఒకే హార్మోనియం మీద. అంతకన్నా మంచి ప్రయోగం మా ల్యాబులో ఎవరూ చేయలేదు. నేను బ్యాటరీలన్నాను.

అప్పుడైనా వెతికి చెప్పాల్సింది. చెప్పలేదు. చెబితే క్యాసెట్ సంగతి వస్తుంది కదా.

ఆ తర్వాత చాలా విన్నాను. అన్నీ చెప్పను, రెండు మూడు చెబుతాను. బేస్ అంటూ ఒకటుందని తెలిశాక దాని కోసమే వెతుక్కున్నాను. బిల్ ఎవాన్స్ అనే పియానో వాద్యకారుడు 1961 జూన్ 25న న్యూయార్కులో విలేజ్ వాన్‌గార్డ్ అనే చిన్న క్లబ్బులో చేసిన రికార్డులో స్కాట్ లఫారో బేస్ వింటే, తోడు వాయిద్యమనే మాట మర్చిపోతాం. పియానోతో సమానంగా మాట్లాడతాడు. వెనక జనం కబుర్లు, గ్లాసుల చప్పుళ్లు వినపడుతూ ఉంటాయి, ఎవరూ పెద్దగా పట్టించుకుంటున్నట్టుండదు. ఆ తర్వాత పదకొండు రోజులకు, జూలై 6న, లఫారో కారు ప్రమాదంలో పోయాడు. ఇరవై అయిదేళ్లు. ఆ గ్లాసుల చప్పుడు విన్నప్పుడల్లా మన పెళ్లిళ్లలో భోజనాల హడావిడిలో సన్నాయి ఎవరికీ పట్టకపోవడం గుర్తొస్తుంది నాకు.

డేవ్ బ్రూబెక్ బృందం 'టేక్ ఫైవ్' మీలో చాలామంది వినే ఉంటారు, ఏ హోటల్ లిఫ్టులోనో. తకిట తక, తకిట తక అని అయిదు. మనకు ఖండగతి తెలుసు కాబట్టి అంత వింత అనిపించదు. నిజం చెప్పొద్దూ, ఎక్కువసార్లు విని నాకు విసుగొచ్చింది. దానికన్నా, మన పక్కనున్న పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్, జాన్ మెక్లాలిన్ గిటారుతో కలిసి 'రిమెంబర్ శక్తి'లో వాయించినవి వినండి. ఇద్దరూ ఒకరి మాట ఒకరు పూర్తిచేస్తూ ఉంటారు. అది జాజా, కర్ణాటకమా అని వాదించుకునేవాళ్లు వాదించుకోవచ్చు.

రూడీ వాన్ గెల్డర్ అని ఒక రికార్డింగ్ ఇంజనీరు ఉండేవాడు. పగలు కళ్ల పరీక్ష చేసి అద్దాలివ్వడం ఆయన వృత్తి. మొదట్లో తల్లిదండ్రుల ఇంటి ముందు గదిలో మైకులు పెట్టి జాజ్ రికార్డు చేసేవాడు. 1959లో సొంత స్టూడియో కట్టుకున్నాడు. జాన్ కోల్ట్రేన్ 'ఎ లవ్ సుప్రీమ్' 1964 డిసెంబరులో అక్కడే రికార్డయింది. ఇంజనీర్లలో నేను ఎవరి కాళ్లకైనా దణ్ణం పెట్టాలంటే ఆయనకు పెడతాను. మా చీఫ్ ఇంజనీరు గారు ఈ సావనీరు చదవరని నమ్మకం.

ఇక మూడేళ్ల కిందటి సంగతి. మన బ్యాచ్ వాట్సాప్ గ్రూపు మొదలైంది. అందులో మావాడు లేడు. మన సంఘం జాబితా పదో తరగతి పాసైన వాళ్ల రిజిస్టరు నుంచి తయారైంది కాబట్టి అతని పేరు రాలేదు. కార్యదర్శి గారూ, ఇది ఫిర్యాదు కాదు, దిద్దుబాటు. ఈ బడిలో పదేళ్లు బెంచీ మీద కూర్చున్నవాడు ఈ బడివాడే. తప్పినవాళ్ల పేర్లు కూడా హాజరు పట్టీల్లో ఉంటాయి. నేను కూర్చుని రాసిపెడతాను, ఆ పని నాకివ్వండి.

వాళ్లనీ వీళ్లనీ అడిగి నెంబరు పట్టుకున్నాను. మేళం ఎప్పుడో ఆగిపోయింది. డీజే బాక్సులొచ్చాక బ్యాండుని పిలిచేవాళ్లు తగ్గారు. కొడుకు ఆ బాక్సులే అద్దెకిస్తాడు. "ఊదేవాళ్లు పోయి నొక్కేవాళ్లు వచ్చార్రా" అన్నాడు ఫోన్లో, అదే గొంతు. ఏం మాట్లాడాలో తెలియక ఒక పాట పంపాను. డ్యూక్ ఎల్లింగ్టన్ బృందం 1963లో మన దేశం వచ్చింది, మద్రాసులో కూడా వాయించింది. ఆ ప్రయాణం జ్ఞాపకాలతో తర్వాత చేసిన 'ఫార్ ఈస్ట్ స్వీట్'లో 'బ్లూబర్డ్ ఆఫ్ ఢిల్లీ' అని ఒకటుంది. ఢిల్లీలో బిల్లీ స్ట్రేహార్న్ అనే స్వరకర్త గది బయట కూసిన గోరింక పాట అది. జిమ్మీ హామిల్టన్ క్లారినెట్టు మీద ఆ గోరింకై కూస్తాడు. మర్నాడు మావాడి వాయిస్ మెసేజి: "గోరింకే, డౌటు లేదు. కానీ బాగా చదువుకున్న గోరింక."

తర్వాత సిడ్నీ బెషే 1939లో సోప్రానో సాక్సు మీద వాయించిన 'సమ్మర్‌టైమ్' పంపాను. స్వరాన్ని వెడల్పుగా వణికిస్తాడాయన. ఈసారి ఫోనే చేశాడు. "ఈయన మా వాళ్ల మనిషే, పెళ్లిళ్లకి వాయించినవాడే" అన్నాడు. న్యూ ఆర్లీన్స్‌లో ఇలాంటి వాళ్లు వీధి బ్యాండుల్లోంచే వచ్చారనీ, అక్కడ శవయాత్రకి కూడా బ్యాండు నడుస్తుందనీ, వెళ్లేటప్పుడు మెల్లగా, తిరిగొచ్చేటప్పుడు హుషారుగా వాయిస్తారనీ చెప్పాను. "మరి మేమూ అంతే కదా. ఆ మాట అప్పుడే చెప్తే బడిలో కాస్త తలెత్తుకుని తిరిగేవాణ్ణి" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

గత సంక్రాంతికి వాళ్లింటికి వెళ్లాను. సంచిలో రెండు చిన్న స్పీకర్లు, పాత టేప్ రికార్డర్, ఆ క్యాసెట్. ముందు హార్మోనియం సంగతి చెప్పాను. నీ చెవి రైటు, రికార్డు తప్పు అని. అతనికి ఆ రాత్రి గుర్తే లేదు! బ్యాటరీల మాటా గుర్తులేదు. నలభై ఏళ్లు నేనొక్కణ్ణే మోశానన్నమాట.

తర్వాత క్యాసెట్ తీసి అతని చేతిలో పెట్టాను. తిప్పి చూశాడు. కాగితం ఉండలు అలాగే ఉన్నాయి, పసుపెక్కి. అతను చేతి గోరుతో ఒకటి పైకి తీశాడు. నేను చెప్పాల్సింది ఏమీ మిగల్లేదు. చాలాసేపు ఊరుకుని, "ఏం పట్టావు?" అన్నాడు. జాజ్ అన్నాను. "మంచిదేనా?" మంచిదే. "అయితే పెట్టు."

అరగంట క్యాసెట్ వైపు అది. విన్నాం. కానోవర్ సెలవు చెప్పి, పాట ముగిసి, నేను 1986లో రికార్డు ఆపిన 'టక్' చప్పుడు వచ్చింది. దాని తర్వాత క్యాసెట్ చివర నేను చెరపని ముక్క మిగిలింది. ఓ నిమిషంన్నర ఉంటుంది. దుమ్ము పట్టిన శబ్దం, ఎవరో "జరగండి, జరగండి" అంటున్నారు, వాటి మధ్య క్లారినెట్టు. మావాడు కళ్లు మూసుకోలేదు, ఏమీ లేదు. వింటూ వింటూ, "వెనక సైడు డ్రమ్ము నేనే. చూడు, ఇక్కడ తప్పేశాను. ఇప్పుడు నాన్న అడుగు ఆపి నన్ను చూస్తాడు" అన్నాడు. నిజంగానే క్లారినెట్టు ఒక్క క్షణం ఆగి మళ్లీ అందుకుంది.

క్షమించాడా అంటే, నేను అడగలేదు, అతను చెప్పలేదు. ఆ ముక్కని నేను కంప్యూటర్లో ఎక్కించి అతని కొడుక్కి, నాకు, మనవరాలికి తలా ఒక కాపీ ఇచ్చాను.

ఆ సాయంత్రం 'సో వాట్' పెట్టాం, దిద్దిన శ్రుతిలో, మంచి స్పీకర్ల మీద. మొదటిసారి మావాడు బేస్ ప్రశ్న విన్నాడు. ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. టర్బైన్ హాలులో ఇన్నేళ్లు పనిచేసినందుకు నాకు పై శబ్దాలు పోయాయి. పరీక్ష చేస్తే గ్రాఫు 4000 దగ్గర గోతిలో పడ్డట్టు పడింది. చప్పుడులో పనిచేసేవాళ్లకు ముందు పోయేది అక్కడే. కుర్ర ఇంజనీర్లు ఎవరైనా ఉంటే, చెవుల్లో ప్లగ్గులు పెట్టుకోండి. హెల్మెట్టు లేనివాణ్ణి గేటు దగ్గర ఆపుతారు గాని ప్లగ్గులు లేనివాణ్ణి ఎవరూ ఆపరు. కింది శబ్దాలు నాకు భేషుగ్గా వినపడతాయి. యార్డులో ట్రాన్స్‌ఫార్మర్ గుమ్మనే 100 హెర్ట్జ్ వింటే బేస్ తీగ మీటినట్టే ఉంటుంది. పోయినవి సింబల్సు. చిన్నప్పుడు రేడియో నా దగ్గర దాచినవాటిల్లో కిందివి బొంబాయిలో దొరికాయి, పైవి ఇప్పుడు చెవే దాస్తోంది.

'సో వాట్'లో బేస్ ప్రశ్న, జవాబులు అయ్యి, మైల్స్ డేవిస్ సొంతంగా అందుకునే చోట జిమ్మీ కాబ్ సింబల్ మీద ఒక దెబ్బ వేస్తాడు. ఆ రికార్డులో వాయించిన ఏడుగురిలో చివరిదాకా మిగిలినవాడు ఆయనే, 2020లో పోయాడు. ఆ దెబ్బ గది నిండా పరుచుకుని చాలాసేపు మోగుతుందని నాకు జ్ఞాపకం. ఇప్పుడు నాకు 'తప్' మని వినపడి ఆగిపోతుంది. మావాణ్ణి అడిగాను, సింబల్ ఎంతసేపు మోగిందిరా అని. "ఏ సింబలు? డ్రమ్ము పక్కన ముప్ఫై ఏళ్లు నడిచాను, నా ఎడమ చెవి ఎప్పుడో దానికి రాసిచ్చేశా" అన్నాడు. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

అతని మనవరాలు అక్కడే హోంవర్కు చేసుకుంటోంది, నాలుగో తరగతి. పిల్లని పిలిచి స్పీకర్ల మధ్య కూర్చోబెట్టి, మళ్లీ మొదటి నుంచి పెట్టాం. దెబ్బ పడగానే చెయ్యి ఎత్తు, చప్పుడు పూర్తిగా పోయాక చెయ్యి దించు అన్నాం. చెయ్యి ఎత్తింది. నాకు ఆగిపోయింది. మావాడికి ఆగిపోయింది. పిల్ల చెయ్యి అలాగే ఉంది. "ఏమ్మా, అయిపోయిందా?" అన్నాడు. "ఉండు తాతా, ఇంకా ఉంది" అంది.

కార్యదర్శి గారు గడియారం చూపిస్తున్నారు. భోజనాలయ్యాక రెండున్నరకి, మన పాత తొమ్మిదో తరగతి బి సెక్షన్ గదిలో స్పీకర్లు పెట్టాను. 'సో వాట్', 'బ్లూబర్డ్ ఆఫ్ ఢిల్లీ', ఆ నిమిషంన్నర క్లారినెట్టు వినిపిస్తాం. హార్మోనియం కూడా తెప్పించాను, శ్రుతి ఎవరైనా చూసుకోవచ్చు. అయితే హార్మోనియం దగ్గర కూర్చునేది నేను కాదు, ఈ చివరి వరసలో తెల్లచొక్కా వేసుకుని, నన్ను చూసి తల అడ్డంగా ఊపుతున్న మనిషి. పిల్లల్ని వెంట తీసుకురండి, వాళ్లకు మనకన్నా ఎక్కువ వినపడుతుంది. సెలవు.